మొద్దుపై పంట: పుట్టగొడుగుల పూర్వకథ



మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి జల్లు పడి, రాత్రి ఉరుములు ఉరిమిన మరునాటి ఉదయమున మన పాలమూరు, నల్లగొండ సీమలలో పల్లెపిల్లలు గంపలు పట్టుకొని పుట్టల వెంట తిరుగుట మీరందరు ఎరిగినదే. వానిని కొందరు పుట్టగొడుగులందురు, కొందరు పుట్టకొక్కులందురు. పెంటకుప్పలపై మొలచు వానిని కుక్కగొడుగులని వేరుచేసి చెప్పుదురు. ఇది దొరకవలసినదే కాని పండించుకొను వస్తువు కాదని మన పెద్దల నమ్మకము. దున్నక, విత్తక, నీరు పెట్టక తనంత తాను లేచి, రెండు దినములలో కుళ్ళిపోవు దానికి సేద్యమేమిటని వారు నవ్వుదురు. కాని మనకు తూర్పుననున్న చీనాదేశపు కొండలలో ఎనిమిది తొమ్మిది వందల సంవత్సరములుగా మనుష్యులు నరికిన చెట్ల మొద్దులపై దీనిని పంటగా తీయుచున్నారు. ఆ పంట కథను, అది మన పెరటికి ఎంతవరకు రాగలదో ఆ సంగతిని నేడు మనవి చేసెదను.

మొదట పేరు సంగతి చూతము. ఋగ్వేదమున ఒకచోట, దానమీయని లోభిని ఇంద్రుడు కాలితో త్రొక్కుటకు క్షుంపమను దానిని ఉపమానముగా తెచ్చిరి. నిరుక్తకారుడగు యాస్కుడు ఈ మాటకు అహిచ్ఛత్రకమని అర్థము చెప్పినాడు. అహి యనగా పాము, ఛత్రకమనగా గొడుగు. సంస్కృతమువారు పామును చూచిరి, తెలుగువారు పుట్టను చూచిరి. పాము పుట్టను కట్టదు. చెదలు కట్టిన యింటిలో అద్దె లేని కాపురము చేయును. కనుక తెలుగు మాటయే నిజమునకు దగ్గరగా నున్నదని నా యభిప్రాయము. ఏలయన పుట్టకును గొడుగుకును గల సంబంధము కేవలము చోటు సంబంధము కాదు.

ఈ సంబంధమును శాస్త్రరీతిని గమనించి 1779లో ప్రకటించినవాడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ అను వైద్యుడు. ఇతడు స్వీడన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడగు లినేయసునకు శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ వారి స్థావరమునకు వైద్యుడుగా వచ్చి, తంజావూరు ప్రాంతమున చెదపుట్టలను త్రవ్వించి చూచెను. పుట్టలోపల గదులును, గదులలో తేనెపట్టువంటి మెత్తని దిమ్మలును, ఆ దిమ్మలపై తెల్లని బూజును గలవని వ్రాసెను. ఇతడు 1785లో మన కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించినాడు. చెదల లోకమును తొలుత వివరించినవాని యెముకలు తెలుగునేలలోనే కలిసిపోయినవన్న మాట.

తరువాతివారు తేల్చినదేమనగా, చెదలు తాము కొరికి తెచ్చిన కట్టెను, ఆకును నమిలి ఆ దిమ్మలను కట్టును. వానిపై ఒక జాతి శిలీంధ్రమును పెంచి తాము తినును. తొలకరి తేమ తగిలినప్పుడు ఆ శిలీంధ్రము పుట్టలోపలినుండి పొడుగైన వేరువంటి కాడను పైకి త్రోసి నేలపైన గొడుగు విప్పును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో దీనికి టెర్మిటోమైసిస్ అని, అనగా చెదశిలీంధ్రమని పేరు పెట్టినాడు. చెదలు ఈ సేద్యము నేర్చి మూడు కోట్ల సంవత్సరములైనదని నేటి శాస్త్రజ్ఞుల గణన. మనము ఉత్తమమని యెంచి గంపలలో ఏరుకొను పుట్టగొడుగు ఆ చీమంత ప్రాణి పొలమునుండి తెచ్చుకొన్నదే. దీనిని తన తోటలో పండించుట ఇంతవరకు మనుష్యునికి సాధ్యపడలేదు. చెద లేనిదే అది పెరుగదు.

ఇక మన గ్రంథములేమనుచున్నవి? మనువు దీనిని ద్విజులకు నిషేధించినాడు. వెల్లుల్లి, ఉల్లి, ఛత్రాకము ఒకే వరుసలో నిలిచినవి. నేనును ఆ సంప్రదాయమున పెరిగినవాడనే. మా యింట దీని పేరెత్తినను మా అమ్మమ్మ చెవులు మూసికొనెడిది. కాని వైద్యులు ధర్మశాస్త్రకారులవలె ఒక్కమాటతో త్రోసివేయలేదు. చరకుడు సర్పచ్ఛత్రకమును మాత్రము విడువవలెనని, తక్కిన ఛత్రజాతులు శీతములు, మధురములు, అరుగుటకు భారమైనవి, పడిశమును కలిగించునవి అని చెప్పినాడు. సుశ్రుతుడు మరింత దగ్గరనుండి చూచినాడు. గడ్డిపై పుట్టినది, చెరకుపిప్పిపై పుట్టినది, పేడపై పుట్టినది, వెదురుపై పుట్టినది, నేలలో పుట్టినది అని వానిని విడదీసి ఒక్కొక్కదానికి వేరు గుణము చెప్పినాడు. ఏ వస్తువుపై పెరిగినదో దానినిబట్టి గుణము మారునన్న యీ గ్రహింపు పుట్టగొడుగుల సేద్యమునకు మూలసూత్రము. సూత్రము చేతనుంచుకొనియు మనవారు సేద్యమునకు దిగకపోవుట ఆశ్చర్యకరమే. తినవలెనన్న కోరికగలవారు గ్రంథము చదువలేదు, గ్రంథము చదివినవారు తినలేదు. కారణమదియేనని నాకు తోచుచున్నది.

బౌద్ధుల గ్రంథములలో మరియొక ప్రస్తావన కలదు. బుద్ధభగవానునికి కడపటి భిక్ష నిచ్చినవాడు చుందుడను కమ్మరి. ఆ భిక్షలోని సూకరమద్దవమను పదార్థము పందిమాంసమని కొందరు, పందులు త్రొక్కిన వెదురుమొలకలని కొందరు, పందులు త్రొక్కిన చోట మొలచిన పుట్టగొడుగులని మరికొందరు అర్థము చెప్పినట్లు పాళీ వ్యాఖ్యానమున నున్నది. ఫణిగిరి బౌద్ధశిథిలములు మన నల్లగొండ సీమలోనివే గనుక ఈ మాట మనకు పరాయిది కాదు. ఆ వివాదమును తేల్చుట నా పని కాదు.

ఉరుముకును పుట్టగొడుగుకును గల చుట్టరికము మన పల్లెలలో అందరికి తెలిసినదే. కాళిదాసు మేఘసందేశములో మేఘగర్జన విని భూమి శిలీంధ్రములను మొలిపించునని భావించినాడు. విచిత్రమేమనగా, మొద్దుపై పంట తీసిన చీనావారి కథయును ఇచ్చటనే మొదలగును.

చీనాదేశపు చెజియాంగ్ సీమలో లుంగ్‌చువాన్, చింగ్యువాన్ అను కొండప్రాంతములు గలవు. అచ్చట పన్నెండవ శతాబ్దమున ఊ సాన్‌గుంగ్ అను కట్టెలు కొట్టువాడు ఉండెనని జనశ్రుతి. అతడు పడగొట్టిన చెట్లపై తన గొడ్డలి గాటు పడినచోటనే కొడిసెలవలె గొడుగులు దట్టముగా మొలచుట కనిపెట్టెను. అందుపై కావలెననియే గాట్లు పెట్టసాగెను. ఒక యేడు ఎంత కాచుకొన్నను మొలకలు రాలేదు. విసిగి, కోపము పట్టలేక, చేతి కర్రతో మొద్దును బాదెను. కొలదిదినములకు మొద్దు నిండ గొడుగులు లేచినవట. ఇప్పటికి ఆ సీమవారు అతనికి గుడి కట్టి కొలుచుచున్నారు. 1209లో కూర్చిన లుంగ్‌చువాన్ సీమ వృత్తాంతములో ఈ సేద్యపద్ధతి వ్రాయబడినది. 1313లో వాంగ్ చెన్ అను ఉద్యోగి రచించిన కృషిగ్రంథములో గాట్లు పెట్టుటయు, కర్రతో కొట్టి మొద్దును ఉలికిపడజేయుటయు స్పష్టముగా నున్నవి. జపానులో 1796లో సాతో చూర్యో వ్రాసిన గ్రంథమునకు పేరే పుట్టగొడుగులను ఉలికిపడజేయు గ్రంథమని అర్థమిచ్చును.

ఇది మూఢనమ్మకమని కొట్టివేయుటకు వీలులేదు. మొద్దును కొట్టినప్పుడు, నీట ముంచి ఎత్తినప్పుడు లోపలి పోగులు కదలి తెగి, కాపునకు సిద్ధమగునని నేటివారు చెప్పుదురు. 2010 ప్రాంతమున జపానులోని ఇవాతే విశ్వవిద్యాలయమువారు మొద్దులకు క్షణకాలపు విద్యుదాఘాతములిచ్చి, కాపు హెచ్చుట చూపించిరి. మన అవ్వలు పిడుగు పడిన చోట పుట్టగొడుగులు వెదకుట వట్టి పిచ్చి కాదన్నమాట.

ఈ పని ఎట్లు జరుగునో తెలిసికొనుటకు ఒక మాట చెప్పవలెను. పుట్టగొడుగు చెట్టు కాదు. మనము చూచు గొడుగు దాని పండువంటిది. అసలు దేహము కట్టెలో, మంటిలో తెల్లని నూలుపోగులవలె ప్రాకియుండును. ఆకుపచ్చదనము లేదు గనుక అది ఎండనుండి ఆహారము చేసికొనలేదు. చచ్చిన కట్టెలోని గట్టిపదార్థమును కరిగించి పీల్చుకొనును. పాతయింటి దూలము మెత్తబడి చేతిలో పొడియగుట ఈ పోగుల పనియే. గొడుగు క్రిందిభాగమునుండి కంటికానని దుమ్మువంటి బీజములు లక్షలకొలది గాలిలో రాలును. చీనావారు గాట్లు పెట్టి కాచుకొన్నది ఆ గాలిబీజముకొరకే. మంచి జాతి వచ్చి పడినచో పంట, పనికిమాలిన బూజు ముందుగా పడినచో మొద్దు వ్యర్థము.

జపాను రైతులు ఈ జూదములో ఇండ్లు పోగొట్టుకొన్నవారు. మోరి కిసాకు అను యువకుడు కియోతో విశ్వవిద్యాలయమున చదువుచున్నపుడు, ఓయితా సీమలో ఒక రైతు మొద్దుల ముందు చేతులు జోడించి పుట్టగొడుగులు రమ్మని వేడుకొనుట చూచి చలించినాడని చెప్పుదురు. అతడు 1942లో ఒక ఉపాయము సాధించెను. శుద్ధముగా పెంచిన పోగులను చిన్న కట్టెచీలలలో ప్రాకించి, మొద్దుకు రంధ్రము చేసి ఆ చీలను దిగగొట్టుట. అప్పటినుండి గాలిని నమ్ముకొను అవస్థ తీరినది. మొద్దు సేద్యమునకు నిజమైన విత్తనము పుట్టినది అప్పుడే. ఇంత చిన్న కట్టెచీల ఎన్ని కుటుంబములను అప్పులనుండి కాచినదో లెక్క చెప్పలేము.

వారి పద్ధతి యిది. ఓక్ జాతి చెట్టు ఆకు రాల్చి, చిగురు తొడుగక మునుపు నరుకుదురు. నాలుగు మొదలు ఆరంగుళముల మందము, మూడడుగుల పొడవుగల మొద్దులు చేయుదురు. బెరడు చెడరాదు; బెరడే మొద్దునకు చర్మము, తేమను కాచునదదియే. అంగుళము లోతున వరుసలుగా రంధ్రములు చేసి, చీలలు దిగగొట్టి, పైన మైనము పూయుదురు. చెట్లనీడలో పేర్చి ఆరునెలలనుండి ఏడాదికి పైగా వేచియుందురు. తరువాత ఒక దినము చన్నీట ముంచి నిలువబెట్టిన కాపు వచ్చును. ఒక మొద్దు మూడు నాలుగేండ్లు కాచును. ఆ పుట్టగొడుగు పేరు షియిటాకే. మన దేశమున ఈశాన్యపు చల్లని కొండలలో దీనిని పెంచువారు కలరు.

యూరపులో మరియొక జాతి మొద్దునెక్కినది. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీదేశము ఆకలితో మాడుచుండగా, 1917లో రిచర్డ్ ఫాల్క్ అను శాస్త్రజ్ఞుడు నరికిన చెట్ల మోళ్ళపైనను, మొద్దులపైనను ముత్యపుచిప్ప పుట్టగొడుగును పెంచు పద్ధతి ప్రకటించెను. ఆకలి నేర్పిన విద్య యిది. మన దేశమున ఆ జాతి మొద్దును విడిచి గడ్డిపైకి దిగినది. 1962లో మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ అను వారు వరిగడ్డిపై దానిని పెంచి చూపిరి. అంతకు మునుపే 1943లో మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖకు చెందిన థామస్, రామకృష్ణన్, నరసింహన్ అను ముగ్గురు వరిగడ్డి పుట్టగొడుగు సేద్యమును గూర్చి ప్రకటించిరి. 1961లో హిమాచలమున సోలన్ పట్టణమున పరిశోధన మొదలైనది. 1998లో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఉష్ణమునకు తాళు పాల పుట్టగొడుగును విడుదల చేసిరి. వరుస చూచితిరా! మ్రానిపై మొదలైన విద్య దక్షిణదేశమునకు వచ్చుసరికి గడ్డివామిలో స్థిరపడినది.

మన సీమలో మొద్దుసేద్యము ఏల నిలువలేదు? వేడి ఒక కారణము. వేసవిలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోవును. షియిటాకేకు చల్లదనము కావలెను. రెండవది వంటచెరకు. అమరాబాదు నల్లమలలో తప్ప పడిన మ్రాను మన ఊళ్ళలో ఏడాదిపాటు నేలపై పడియుండుట యెక్కడిది? నాలుగవనాటికి ఎవరి పొయ్యిలోనో చేరును. మూడవది చెదలు. ఎఱ్ఱనేలపై మొద్దు పెట్టి మరచినచో ఏడాదికి బెరడు మాత్రము మిగిలి లోపల మన్ను నిండియుండును. ఉత్తమమైన పుట్టగొడుగును మనకిచ్చునదియు చెదయే, మనము పెట్టిన మొద్దును పండనీయనిదియు చెదయే.

నేను మూడు మామిడి మొద్దులు పెట్టి చూచితిని. నేలపై పెట్టిన రెంటిని చెదలు తినివేసినవి. రెండు రాతికడీలపై అడ్డముగా నిలిపినది మాత్రము పుష్యమాసమున రెండు మార్లు కాచినది. కాచినదంతయు ఇద్దరికి ఒక పూట కూరకు చాలినది. ఇందులో ధనమేమియు లేదు. పొద్దున లేచి, నిన్న లేని తెల్లని చిప్పలు కట్టెపై అంతస్తులుగా విప్పుకొని యుండుట చూచిన సంతోషము కలదు.

చేయదలచినవారు మామిడివంటి మెత్తని మ్రానును ఆషాఢమున నరికి, వారము పదిదినములు నీడన ఉంచి, ముత్యపుచిప్ప విత్తనమును రంధ్రములలో కూరి మైనము పూయవలెను. టేకువంటి చేవమ్రాను పనికిరాదు. తేమగల శ్రావణ భాద్రపదములు పోగులు ప్రాకుటకును, చల్లని మార్గశిర పుష్యములు కాపునకును అనుకూలము. వేసవి వచ్చునప్పటికి బావిగట్టు నీడకు చేర్చి తడి గోనెపట్ట కప్పవలెను. ఎక్కువ పంట కావలసినవారికి గడ్డియే మార్గము. 1967లో నాగార్జునసాగరపు నీరు పారినది మొదలు మిర్యాలగూడెము, హుజూర్‌నగరు ప్రాంతములు వరికి కాణాచియైనవి. కోత కాగానే పొలములలో తగులబెట్టు గడ్డిని చూచినప్పుడు నాకు కడుపు తరుగుకొనిపోవును. అందొక మోపు చాలును. విత్తనమును గూర్చి కంపాసాగరు, గడ్డిపల్లి, పాలెము, మదనాపురముల కృషి విజ్ఞాన కేంద్రములలో విచారింపవచ్చును.

ఇది మాంసముతో సమానమని అమ్మువారు చెప్పు మాటను మీరు పూర్తిగా నమ్మవలదు. నూరు తులముల పచ్చి పుట్టగొడుగులో తొంబది తులములు నీరే. ఎండిన దానిలో మాంసకృత్తులు మెండు. ఎండలో ఆరబెట్టినచో డి విటమిను చేరును. పప్పుకు తోడుగా తినవలసిన వస్తువు, పప్పుకు మారుగా కాదు.

చివర నాకు బాధ కలిగించు సంగతి చెప్పవలసియున్నది. నేను ఉపాధ్యాయుడుగా నుండిన దినములలో ఒక వర్షాకాలమున తరగతిలో పుట్టగొడుగుల ప్రసక్తి వచ్చినది. ఉడుకుచుండగా వెండిబిళ్ళ వేసిన నల్లబడినచో విషమని, నల్లబడనిచో తినవచ్చునని, నేను పెద్దలవలన విన్నదానిని విన్నట్లే పిల్లలకు చెప్పితిని. వారము తిరుగకమునుపే ఒక విద్యార్థి యింట పెంటకుప్పపై మొలచిన తెల్లని గొడుగులు వండిరి. తల్లి సందేహించినది. పిల్లవాడు మా పంతులుగారు చెప్పినారని తన వెండి మొలత్రాటి బిళ్ళను కూరలో వేసి చూపినాడు. అది తళతళలాడుచునే యున్నది. నలుగురును తినిరి. రెండు గంటలలో నలుగురును వాంతులతో పడిరి. దైవవశమున బ్రతికిరి. ఆ పిల్లవాడు తిరిగి బడికి వచ్చినపుడు నన్నేమియు అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆనాటినుండి నేను చదివి తెలిసికొన్నది యిది. వెండిబిళ్ళ పరీక్ష అబద్ధము. వెల్లుల్లి నల్లబడునన్నది అబద్ధము. పురుగు తిన్నది మనము తినవచ్చునన్నది అబద్ధము. ఉడికించినచో విషము విరుగునన్నది అన్నిటికంటె ప్రమాదకరమైన అబద్ధము. కొన్ని జాతుల విషము తిన్న ఆరు మొదలు పన్నెండు గంటలవరకు ఏ గుర్తును చూపదు. పిమ్మట వాంతులు, విరేచనములు పట్టి, ఒకనాడు తగ్గినట్లే కనిపించి, లోపల కాలేయమును దహించును. తగ్గినదని ఇంటికి తెచ్చుకొన్నవారిని పోగొట్టుకొనుట అట్లే జరుగును. కనుక వాంతి మొదలైన వెంటనే, మిగిలిన కూరను, వండని గొడుగు ఒకటియున్న దానిని వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను. వైద్యునికి జాతి తెలియుటకు అదియే ఆధారము.

చరకుడు సర్పచ్ఛత్రకమును విడువుడన్నాడు గాని దానిని గుర్తించు పరీక్ష చెప్పలేదు. చెప్పుటకు ఒక్క పరీక్ష లేదు. పుట్టపై మొలచిన దానిని తరతరములుగా ఏరుచున్న అవ్వ చూపిన చోట, చూపిన రూపము మాత్రమే ఏరవలెను. ఆ యెరుక లేనివానికి తాను విత్తనము పెట్టి, తన కన్నులయెదుట మొద్దుపైనో గడ్డిపైనో పెంచుకొన్నది మేలు. అందులోనైనను, పెట్టిన విత్తనపు రూపుగాక వేరొక రూపమున బూడిదరంగుతోనో నల్లని సిరావలె కరగుచునో మొద్దుపై ఏదైన మొలచినచో, అది గాలి తెచ్చిన అతిథి. దానిని పెరికి దూరముగా పారవేసి, చేతులు కడుగుకొని, మన చిప్పలు విప్పుకొనువరకు కాచుకొనవలెను.